దొరల దిబ్బకి ఓడ తిరిగొచ్చిన కథ

నౌపడ స్టేషన్‌లో దిగి ఉప్పు మళ్ళ గట్ల వెంట సముద్రం వైపు నడిస్తే ముప్పావుగంటలో మా మేనత్త ఊరు వస్తుంది. ఊరు దాటాక, మళ్ళు అయిపోయి ఇసక మొదలయ్యే చోట ఒక దిబ్బ ఉంది. పెద్ద ఎత్తేమీ కాదు. మనిషి భుజాల మీద ఇంకో మనిషి నిలబడితే ఎంతుంటాడో అంత. దాని ఒంటి మీద అక్కడక్కడా పల్చటి ఎర్ర ఇటుకలు, గచ్చు పెళ్ళలు తేలి కనిపిస్తాయి. దొరల దిబ్బ అంటారు. కుంఫిణీవాళ్ళకి ఈ దేశాన్ని ఏలాలన్న ఊహ ఇంకా పుట్టని రోజుల్లో, కొందరు ఇంగ్లీషువాళ్ళు పెళ్ళాలతో సహా ఓడ దిగి అక్కడ ఇళ్ళు కట్టుకున్నారట. సామాను తెస్తానని ఓడ వెళ్ళిపోయింది. అది తిరిగొచ్చేసరికి ఇళ్ళున్నాయి, మనుషులు లేరు.

మా తాత ఈ మాత్రం కూడా చెప్పలేదు. "దొరలుండేవోరు. మరి నేరు," అని ఊరుకున్నాడు. తాతకి మాటలంటే పొదుపు. మిగిలిన కథంతా నాది.

చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకి అత్త ఇంటికి వెళ్ళినప్పుడు మొదలుపెట్టాను. ఓడ కెప్టెన్ దిగి చూస్తే పొయ్యి మీద అన్నం ఇంకా వేడిగా ఉంది, ఉప్పు మాత్రం వెయ్యలేదు అన్నాను. చుట్టూ ఇంత ఉప్పు పెట్టుకుని వెయ్యలేదంటే ఎంత హడావిడిగా లేచి వెళ్ళి ఉంటారో చూసుకోండి అన్నాను. పోతూ పోతూ వాళ్ళలో ఒకడు ఎక్కడికి పోతున్నదీ తాటిచెట్టు మొదట్లో కత్తితో చెక్కాడు. చెట్టు పెరిగే కొద్దీ అక్షరాలు కూడా పైకి వెళ్ళిపోయాయి. ఇప్పుడు చదవాలంటే కల్లు గీసేవాడే ఎక్కాలి, ఎక్కినవాడికి ఇంగ్లీషు రాదు. అందుకే ఈ రహస్యం ఇంతవరకూ తేలలేదు అన్నాను. ఊరు ఊరంతా నోరు తెరుచుకుని విన్నది. పెద్దయ్యాక కూడా ఆపలేదు. విజయనగరంలో లెక్కల మాస్టారిని. పగలంతా లెక్కలతో గడిపేవాడికి అబద్ధమాడే వీలుండదు కాబట్టి, మిగతా వేళల్లో ఆ లోటు తీర్చుకుంటాను. అడిగినవాణ్ణి బట్టి దొరల్ని ఒకసారి ఉప్పెనకి అప్పగించాను, ఒకసారి జ్వరాలకి. ఒకసారి చుట్టుపక్కల ఊళ్ళలో అల్లుళ్ళని చేసి, పిల్లికళ్ళు ఉన్న ప్రతివాడి ముత్తాతనీ వాళ్ళలో కలిపాను.

అయితే అంతా అబద్ధమేనా అంటే ఏం చెప్పను. మధ్యాహ్నపు ఎండలో ఆ మళ్ళ గట్టు మీద నిలబడి చూడండి. గాలి నీళ్ళలా ఊగుతుంటుంది. దూరంగా కర్ర పలకలతో ఉప్పు లాగుతున్నవాళ్ళకి కాళ్ళు ఉండవు. నడుము దాకానే ఉండి, తెల్లటి వెలుతురు మీద తేలుతూ వంగుతారు, లేస్తారు. తాటాకు కప్పిన ఉప్పు కుప్పలు ఇళ్ళలా కనిపిస్తాయి, చూరులు, వాకిళ్ళు, వాకిట్లో ఆరేసిన బట్టలు. దిబ్బ కూడా నేల వదిలి జానెడు పైకి లేస్తుంది. ఆ లేచిన జానెడు సందులోంచి ఎవరో అటూ ఇటూ తిరుగుతున్నట్టు నాకు ఎన్నోసార్లు అనిపించింది. వాళ్ళ గౌన్ల అంచులు ఉప్పులో ఈడ్చుకుపోతున్నట్టూ, ఆ అంచులు ఆరి గట్టిపడి నడుస్తుంటే చిన్నగా చప్పుడవుతున్నట్టూ. పక్కనున్నవాణ్ణి పిలిచి చూపించేలోపు మబ్బు వచ్చేది, అంతా మళ్ళీ నేల మీద కూర్చునేది.

ఈ ఏడాది శివరాత్రి వెళ్ళిన వారం అత్త ఫోన్ చేసింది.

"ఒరే అల్లుడా, బేగి రా. నీతో పనుంది."

"ఏటత్తా, ఒంట్లో బాగోలేదా?"

"నా ఒంటికేటి, గుండ్రాయి. కతలు సెప్పే నోరుంది గదా నీకు, అది మర్సిపోకుండా తెచ్చుకో."

శనివారం దిగాను. అత్తకి డెబ్భై అయిదు దాటాయి. ఇప్పటికీ పొద్దున్నే మడి దగ్గరికి వెళ్ళి కూలివాళ్ళని కేకలేసి వస్తుంది. నిప్పు లోపలికి పెట్టుకుని చుట్ట తాగే ఆడవాళ్ళు మా వైపు ఇంకా కొద్దిమంది మిగిలారు, వాళ్ళలో ఆమె ఒకతె. నిప్పు నాలిక మీద ఉండగానే మాట్లాడుతుంది, తిడుతుంది, బేరం ఆడుతుంది. అన్నం తినడానికి, ఏడవడానికి తప్ప ఆ చుట్ట నోట్లోంచి తియ్యడం నేను చూడలేదు.

మడి గట్టు మీద కూర్చోబెట్టి, సంగతి చెప్పింది.

"మీ బావ దిబ్బ కొట్టించేత్తన్నాడు."

బావ అంటే ఆమె కొడుకే. దిబ్బకి అటొకటీ ఇటొకటీ రెండు రొయ్యల చెరువులు వేశాడు.

"రెండూ కలిపి ఒక్కటి సేత్తాడంట. మద్దెన దిబ్బ అడ్డవంట. సోమారం పొద్దున్న జేసీబీ వస్తాది."

"పోనీలే అత్తా. నాలుగు ఇటుక ముక్కలు. నా కథలకి ఇంకో దిబ్బ చూసుకుంటాను."

అత్త చుట్ట నోట్లోంచి తీసింది.

"నా పెద్దపిల్ల అక్కడున్నాది రా."

నాకు అర్థం కాలేదు. నాకు తెలిసి అత్తకి బావ ఒక్కడే సంతానం.

అప్పుడు చెప్పింది. బావ కంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టింది. ఏడు నెలలు బతికింది. పళ్ళు రాని పిల్లల్ని కాల్చరు, మట్టికే ఇస్తారు, అది నాకూ తెలుసు. ఎక్కడ ఇస్తారో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ ఊళ్ళో దిబ్బ మీద ఇచ్చేవారు, బావకి ఊహ తెలిసేనాటికి అది ఆగిపోయింది. గొయ్యి పూడ్చాక మగవాళ్ళు దిగి వచ్చేసేవారు. తల్లి ఒక్కతే ఉండి, దిబ్బలోని దొరసానికి బిడ్డని అప్పజెప్పేది. "ఇది పాలు తప్ప ఏటీ ఎరగదు, ఎడమపక్క తొంగోబెడితే గాని నిద్దరోదు," అలా బిడ్డ అలవాట్లన్నీ చెప్పి, వెనక్కి చూడకుండా వచ్చేసేది. ఇక ఆ బిడ్డ ఊసు ఇంట్లో ఎత్తకూడదు. మరీ ముఖ్యంగా వెనక పుట్టినవాళ్ళ చెవిని పడకూడదు. పడితే ఆ బిడ్డ తోడుకి రమ్మని వాళ్ళని పిలుస్తుందట.

"మీ బావకి యాభై నాలుగేళ్ళొచ్చాయి. ఇప్పుడేటి పిలుస్తాది అంటావు నువ్వు. నాకూ తెలుసు. అయినా నా కడుపున పుట్టినోడి మీద పందెం కాస్తానేటి? నాను సెప్పలేను. నువ్వు ఏదో ఒక కత కట్టు. ఆడి సెయ్యి ఆగాల."

"మరి నేను ఇన్నాళ్ళూ చెప్పిన తాటిచెట్టు, అన్నం కుండా అవన్నీ మీరు..."

"నీ కతలు మాకు తడికలాటివి రా," అంది అత్త, ఏ మాత్రం మొహమాటం లేకుండా. "దిబ్బ ఏటని ఎవులైనా పై ఊరోళ్ళు అడిగితే నీ కతే సెప్పీవోళ్ళం. నవ్వుకోని ఎల్లిపోయీవోరు. తడిక ఎనకాతల ఏటున్నాదని ఒక్కడూ అడగనేదు. నువ్వు మంచి పనే సేసినావు."

నలభై ఏళ్ళుగా ఊరినంతా బోల్తా కొట్టిస్తున్నానని మురిసిపోయినవాణ్ణి. ఆ గట్టు మీద కూర్చుని, ఉప్పు నీళ్ళలో నా మొహం చూసుకున్నాను.

సాయంత్రం బావ చెరువు గట్టు మీద దొరికాడు. తల మీద టోపీ, చేతిలో కొలత టేపు. చెడ్డవాడు కాదు. అమ్మ నోట మాట రాకముందే పని చేసి పెట్టే మనిషి. దిబ్బ మూల నీరు కదలడం లేదు, అక్కడ రొయ్య జబ్బు పడుతోంది, చెరువంతా పాకుతోంది. ఆ మూల లేకుండా చేస్తే తప్ప రెండు చెరువులూ నిలవవు. అదీ అతని బాధ.

నేను గొంతు సవరించుకుని శాపం మొదలుపెట్టాను. ఒక దొర చచ్చిపోతూ, ఈ మట్టి మీద పార వేసినవాడి నీళ్ళు ఎర్రబడిపోవాలని శపించాడనీ, ఆ మాట ఒక రాగిరేకు మీద రాసి పాతాడనీ.

బావ టేపు చుట్టడం ఆపి, జాలిగా చూశాడు.

"ఒరే, మొన్నటికి మొన్న ఉప్పెనొచ్చి లాక్కుపోనాదన్నావు. అంతకు ముందు మనూరి ఆడపిల్లల్ని పెళ్ళాడీసి మనలో కలిసిపోనారన్నావు. అంతకు ముందు జొరాలు. ఇప్పుడు శాపం. ఒక్క దిబ్బకి ఎన్ని సావులు రా?"

"అవన్నీ వేరు బావా, ఇది మాత్రం..."

"నువ్వు లెక్కల మేస్టారివి గదా. నాలుగు జవాబులు రాసినోడికి మార్కులేస్తావేటి?"

పక్కనున్న పనివాళ్ళు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను. అంత మంచి మాట నాకు తట్టలేదని కొంచెం ఈర్ష్య కూడా పడ్డాను.

ఇంక కథ పని చెయ్యదు, చరిత్రే కావాలి అనుకున్నాను. ఎచ్చెర్ల వైపు కాలేజీలో చరిత్ర చెప్పే ఒక మేడమ్ నాకు తెలుసు. ఆమె వచ్చి, ఇది నిజంగా ఇంగ్లీషువాళ్ళ ఊరేనని ఒక్క కాగితం రాసిస్తే బావ ఆగుతాడు. అత్త నోరు తెరవక్కర్లేదు. ఫోన్ చేసి బతిమాలాను. ఆదివారం కదా, ఆమె మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వచ్చేసింది, మంచి మనిషి. గొడుగు వేసుకుని దిబ్బ చుట్టూ రెండు ప్రదక్షిణాలు చేసింది. ఇటుకలు తడిమింది, కొలిచింది, ఫోటోలు తీసింది. ఎత్తు మీదకి ఎక్కబోతుంటే చూడ్డానికి వచ్చిన ఊరి ఆడవాళ్ళు "అక్కడ పావులుంటాయమ్మా," అని పాముల పేరు చెప్పి కింద నుంచే ఆపేశారు.

"ఇటుకలు పాతవే మాస్టారూ," అంది. "ఎంత పాతవో కంటితో చూసి చెప్పలేను. దొరల ఇల్లూ కావచ్చు, ఉప్పు గోదాము పునాదీ కావచ్చు. ఊళ్ళో పెద్దవాళ్ళు ఏమంటారో విందాం."

అక్కడే నా కొంప మునిగింది.

ఆరుగురు ఆడవాళ్ళు వచ్చారు, ఒకరి తర్వాత ఒకరు. అందరూ ముసలివాళ్ళే. మేడమ్ నోటు పుస్తకం తెరిచి ఎంతో మర్యాదగా అడిగింది. మొదటామె పొయ్యి మీద అన్నం వేడిగా ఉంది, ఉప్పు వెయ్యలేదు అంది. రెండో ఆమె కూడా ఉప్పు వెయ్యలేదు అంది. మూడో ఆమె అదీ చెప్పి, తాటిచెట్టు అక్షరాలూ చెప్పి, "ఎక్కినోడికి ఇంగిలీసు రాదు," అని నేను నవ్వే చోటే తనూ నవ్వింది. తడిక గట్టిగా కట్టి ఉంది, ఒక్క ఈనె కూడా సందు ఇవ్వలేదు. వాళ్ళకి నేను చెప్పలేదు, ఇవాళ ఆ తడిక తీస్తేనే దిబ్బ మిగులుతుందని. చెప్పినా తీసేవారు కాదేమో. ఆ ఆరుగురిలో ఎందరు అక్కడ బిడ్డల్ని అప్పజెప్పి వచ్చారో నాకు తెలీదు. ఒక్కొక్కరు మాట్లాడుతున్నంతసేపూ దిబ్బకి వీపు పెట్టి కూర్చున్నారని మాత్రం చూశాను.

మేడమ్ పుస్తకం మూసింది.

"మాస్టారూ, ఆరుగురికి ఆరుగురూ అన్నంలో ఉప్పు లేదనే చెప్పారు. తరాల తరబడి నోళ్ళలో నలిగిన కథ ఇలా ఒకే అచ్చులో ఉండదు. దీన్ని ఎవరో ఈ మధ్యనే కట్టారు."

బావ టేపు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. "కట్టినోడు మీ పక్కనే ఉన్నాడు మేడమ్. సూడండి, ఎలా సూస్తన్నాడో పిల్లికూనలాగ."

అందరూ నవ్వుతున్నారు. బావ నవ్వుతూనే పనివాణ్ణి పిలిచి, దిబ్బ ఆ చివర టేపు కొస పట్టుకోమన్నాడు. రేపు పొద్దున్నకి ముగ్గు గీతలు వేసి ఉంచాలి.

మధ్యాహ్నం కావస్తోంది. గాలి ఊగడం మొదలైంది. అత్త అంతసేపూ ఒక ఉప్పు కుప్ప నీడన, ఎవరితోనూ సంబంధం లేనట్టు కూర్చుని ఉంది. మేడమ్ వెళ్ళే ముందు ఆమె దగ్గర ఆగింది. మర్యాదకే అడిగినట్టుంది.

"అమ్మా, మీరేమీ చెప్పలేదు. ఆ ఇంగ్లీషువాళ్ళు ఎక్కడికి పోయారంటారు?"

"ఎక్కడికీ పోనేదమ్మా," అంది అత్త.

ఆ మాట చాలా మామూలుగా అంది. కూరలో కారం ఎంత వెయ్యాలో చెప్పినట్టు.

"మా అత్తకి ఆళ్ళత్త సెప్పినాది. ఓడ తిరిగొచ్చినాది. మూడు రోజులు నీటిలో నిలబడ్డాది. గుడ్డలూపినారంట, పిలిసినారంట. దొరలు ఎల్దాం అన్నారు. దొరసానులు కదల్నేదు. ఈ ఎండకి ఆళ్ళ పిల్లలు ఒక్కరూ బతకనేదమ్మా. పళ్ళు రాకుండానే పోనారు. ఎర్రగా, దుంపల్లాగ ఉండీవోరంట. అందర్నీ ఇక్కడే ఎట్టేరు. మరి పిల్లల్ని మట్టిలో ఒగ్గేసి ఏ తల్లి ఓడెక్కుతాది? ఆడోళ్ళు ఎక్కకపోతే మొగోళ్ళు మాత్తరం ఏ మొగం ఎట్టుకోని ఎక్కుతారు? ఓడ ఎల్లిపోనాది."

"కానీ ఓడవాళ్ళు వచ్చి చూస్తే ఇక్కడ ఎవరూ లేరని కదా అంటారు?"

"రానోళ్ళని నేరనే రాసుకుంటారు."

మేడమ్ పుస్తకం మళ్ళీ తెరిచింది గానీ రాయలేదు. "మరి తర్వాత ఏమయ్యారమ్మా వాళ్ళు?"

"అవడానికేటున్నాది? ఉన్నారు. పిల్లల్ని సూసుకుంటన్నారు."

టేపు పట్టుకుని దిబ్బ మొదట్లో వంగి ఉన్న బావ, వంగినవాడు వంగినట్టే తల తిప్పాడు.

"ఎవుల పిల్లల్నే అమ్మా?"

అత్త చుట్ట నోట్లోంచి తీసి, చేతిలో పట్టుకుంది. నిప్పు కనిపించనంత ఎండగా ఉంది. పొగ మాత్రం సన్నగా లేస్తోంది.

"అమ్మా, ఎవుల పిల్లల్ని?"

"ఎవులి పిల్లలైనా," అంది అత్త.

బావ ఆమె నోటి వైపు చూశాడు. ఖాళీ నోరు. తర్వాత తన కాళ్ళ కింద ఉన్న మట్టి వైపు చూశాడు. ఆమె ముందు అన్నం లేదు. ఆమె చుట్ట ఇంకెప్పుడు తీస్తుందో నాకంటే అతనికి బాగా తెలుసు, ఆమె చేతుల్లో పెరిగినవాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు. దిబ్బ మొదలు నుంచి పూర్తిగా ఇవతలికి వచ్చి నిలబడ్డాడు. ఆ చివర టేపు కొస పట్టుకున్న పనివాడు, "ఎంతొచ్చినాది బావూ?" అని అరుస్తున్నాడు. బావ టేపు చుట్టడం మొదలుపెట్టాడు. కొస ఇసకలో పాములా జరుగుతూ వచ్చి అతని చేతిలో దాక్కుంది.

ఫోన్ తీసి జేసీబీవాడికి చేశాడు. "రేపు రాకు... కాదు, రా, తవ్వుదాం. దిబ్బ జోలికెళ్ళకుండా సుట్టూ తవ్వుదాం. మూల ఉండకుండా గుండ్రంగా... నీకెందుకు, సెప్పింది సెయ్యి."

మేడమ్‌ని బస్సు దగ్గరికి నేనే దింపాను. దారిలో ఆమె, "ఆవిడ చెప్పింది కూడా మీరు కట్టిందేనా?" అని అడిగింది. కాదన్నాను. నమ్మిందో లేదో. గట్టు మలుపులో వెనక్కి తిరిగి చూశాను. దిబ్బ జానెడు పైకి లేచి ఉంది. దాని కింద వెలుతురులో నడుము దాకా మనుషులు, వంగుతూ లేస్తూ, చంకన ఏదో ఎత్తుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. ఉప్పు మోస్తున్న ఆడవాళ్ళే అయ్యుంటారు. ఆదివారం ఉప్పు పని లేదని బస్సు కదిలాక గుర్తొచ్చింది.

వేసవి చివర మళ్ళీ వెళ్ళాను. రెండు చెరువులూ ఒక్కటైపోయాయి. మధ్యలో దిబ్బ, చుట్టూ నీళ్ళు. నీరు గుండ్రంగా తిరుగుతోంది, రొయ్య బాగుందన్నాడు బావ. చెరువుకి అడ్డంగా తాడు కట్టి ఉంది. పనివాళ్ళు థర్మాకోల్ తెప్ప మీద కూర్చుని, ఆ తాడు పట్టుకుని లాక్కుంటూ మేత చల్లుతారు. బావ ఆ తాడుకి ఇంకో పాయ కట్టి దిబ్బ దాకా లాగించాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

"ఎక్కవే అమ్మా," అన్నాడు ఆ సాయంత్రం.

"ఆ అట్టముక్క మీదా? నానేటి రొయ్యల మేతనా, సల్లీడానికి?"

"ఏటీ అవదు. నాను పట్టుకుంటాను."

"నువ్వు పట్టుకుంటే మరీ బయం. ఒరే అల్లుడా, నువ్వూ ఎక్కు. ములిగితే ముగ్గురం ములుగుదాం."

ఎక్కాం. మూడో మనిషి ఊపిరి బిగబడితే ఆ తెప్ప ముగ్గుర్ని మోస్తుంది. బావ తాడు లాగుతున్నాడు. అత్త మధ్యలో, నా భుజం ఒక చేత్తో అతని భుజం ఒక చేత్తో పట్టుకుని, దారి పొడుగునా ఇద్దర్నీ తిడుతూ వచ్చింది. పడమటి ఎండ నీటి మీద పడి దిబ్బ కింద ఇంకో దిబ్బ తలకిందులుగా నిలబడి ఉంది. తెప్ప ఏ దిబ్బకి తగిలిందో ఒక క్షణం తెలియలేదు.

అత్త చీర కుచ్చెళ్ళు ఎత్తి దిగింది. బావ కూడా కాలు దింపబోయాడు.

"నువ్వు దిగకు," అంది అత్త.

అతను కాలు తీసేసుకున్నాడు. ఆమె పైకి ఎక్కింది, మెల్లిగా, రెండు చోట్ల ఆగి. మేం అటు చూడకూడదని ఎవరూ చెప్పకుండానే ఇద్దరం వీపులు తిప్పి కూర్చున్నాం. వెనక నుంచి ఆమె గొంతు వినిపిస్తోంది. మాటలు తెలియడం లేదు. ఎవరికో ఏదో అలవాటు గురించి జాగ్రత్తలు చెబుతున్న గొంతు.

బావ, నీళ్ళ వైపే చూస్తూ, నాకొక్కడికే వినపడేలా అడిగాడు.

"ఒరే. అన్నా, అప్పా?"

అప్పే, అతనికి అక్క అని నాకు తెలుసు. ఏడు నెలలని తెలుసు. ఎడమపక్క పడుకోబెడితే గాని నిద్రపోదని కూడా తెలుసు. ఏ చెవిని పడకూడదో ఆ చెవి నా భుజానికి ఆనుకుని ఉంది.

"నాకేటి తెలుసు బావా," అన్నాను.

అతను నా మొహం వైపు తిరిగి చాలాసేపు చూశాడు. నేను రెప్ప వెయ్యలేదు. తర్వాత తల ఊపి, చేతిలో తాడుని ఇంకో చుట్టు తిప్పి బిగించి పట్టుకున్నాడు, ఆమె తిరిగొచ్చేదాకా గాలికి తెప్ప దిబ్బని వదిలి జరిగిపోకుండా.